రిమార్కుల గడి

మా ఆయన మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విన్నాక మీరు నమ్మరు.

ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో టైపిస్టుగా చేసి మొన్నీమధ్యే రిటైరయ్యారు. కాగితంలో ఏముంటే అది కొట్టడమే ఆయన పని. ఒకసారి వాళ్ళ ఆఫీసరు డ్రాఫ్టు పక్కన పెన్సిలుతో "టీ ఇంకా రాలేదేం?" అని రాసుకుంటే, ఈయన దాన్ని కూడా నీటుగా టైపు చేసి పై ఆఫీసుకు పంపించేశారు. పిలిచి చీవాట్లు పెడితే, "ఉన్నది ఉన్నట్టు కొట్టడం నా పనండీ, ఏది ఉండాలో తేల్చడం మీ పని" అన్నారట. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పి మురిసిపోతారు. నేనూ పక్కన కూర్చుని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు.

నాది బట్టలు కుట్టే పని. వీధి వైపు గదిలో రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, నిలువుటద్దం, ఓ మూల పరదా. వెనక రెండు గదుల్లో మా కాపురం. ఇరవై ఏడేళ్ళుగా ఆడవాళ్ళకి మాత్రమే కుడుతున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కారో నా టేపుకి తెలిసినంత వాళ్ళ మొగుళ్ళకి కూడా తెలియదు. పరదా వెనక చేతులు రెండూ పైకెత్తి నిలబడితే చాలు, ఎంత గుట్టు మనిషైనా గలగలా మాట్లాడేస్తుంది. ఎందుకో నాకూ అంతుపట్టదు.

కొలతలన్నీ ఒక లావుపాటి పుస్తకంలో రాసుకుంటాను. పేరు, ఛాతీ, నడుము, సీటు, భుజం, చెయ్యి పొడుగు. చివర ఒక వెడల్పాటి గడి, దాని పేరు రిమార్కులు. అది నాకోసం నేను రాసుకునేది. ఏడాదికోసారి వచ్చే మనిషి ఒళ్ళు నాకు గుర్తుండొద్దూ? ఉదాహరణకి డాక్టరమ్మకి ఇలా రాశాను: "ఊపిరి బిగబట్టి కొలిపించుకుంటుంది. రెండంగుళాలు కలుపు." లాయరమ్మకి: "కుడి భుజం దిగువ. ఒప్పుకోదు, వాదిస్తుంది. చప్పుడు చేయకుండా దూది పెట్టు." బేకరీ ఆవిడకి: "నడుము ఎక్కడుందో దేవుడికే తెలియాలి. బెల్టు పెట్టి వదిలెయ్." కారు నేర్పే టీచరమ్మకి: "తను ముప్పై నాలుగంటుంది. నలభై. నలభైకే కుట్టి ముప్పై నాలుగని లేబుల్ వెయ్." రేడియో పిన్నికి: "ముందు నీ చెవుల్లో దూది పెట్టుకో."

రేడియో పిన్ని అంటే మా వీధి చివర ఆవిడ. వరసకి ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న ఆవిడ చెవిన పడిన మాట మధ్యాహ్నానికి మన ఇంటికొస్తుంది, అదీ కాళ్ళూ చేతులూ మొలిచి.

ఇక పోస్టుమేడం. మా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే మనిషి. గొంతెత్తితే క్యూ మొత్తం నిటారుగా నిలబడుతుంది. "అడ్రసు ఇలా రాస్తే ఉత్తరం నీ పెళ్ళాం దగ్గరికి కాదు, చందమామ దగ్గరికి పోతుంది!" అని ఆవిడ తిడుతుంటే, తిట్లు తింటున్నవాడితో సహా అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఆవిడ చేత తిట్టించుకోవడానికే కొందరు ఫోన్లు పెట్టుకుని కూడా ఉత్తరాలు రాస్తారని నాకు అనుమానం.

రెండేళ్ళ కిందట ఆవిడ ట్రైనింగ్ అని చెప్పి మూడు నెలలు కనబడలేదు. తిరిగొచ్చాక మొదట నా దగ్గరికే వచ్చింది. పరదా వేసి చొక్కా విప్పింది. ఎడమ వైపు చదునుగా ఉంది, అడ్డంగా ఒక ఎర్రటి గీత. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ మాత్రం కళ్ళు కూడా తడి చేసుకోలేదు.

"యూనిఫాం చొక్కాలు ఆరు కుట్టాలి. లోపల ఎడమ పక్క జేబు పెట్టు, మెత్తటి సంచి కూర్చోవాలి. పైనుంచి రెండు పక్కలా ఒకేలా కనబడాలి" అంది. తర్వాత అద్దంలో నా మొహం చూసి, "అదిగో, ఆ మొహమే వద్దన్నాను. నన్ను చూసి ఎవరైనా పాపం అన్నారో, ఆ రోజుతో నేను కౌంటర్లో కూర్చోలేను. మా ఆయనకి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. అంతే" అంది.

"నా ప్రాణం పోయినా చెప్పను" అన్నాను. చెప్పలేదు కూడా. మా ఆయనకి కూడా చెప్పలేదు. పుస్తకంలో మాత్రం రాసుకున్నాను: "ఎడమ పక్క లోపల జేబు. ఆపరేషన్ అయిన వైపు, కుట్టు ఒంటికి తగలకూడదు. ఎవరికీ తెలియదు, మాటిచ్చాను."

సరే, అసలు సంగతికొస్తాను.

రిటైరయ్యాక మా ఆయనకి చేతులు దురద. "ఆ పుస్తకం చిరిగిపోతోందే, కంప్యూటర్లోకి ఎక్కిస్తాను" అన్నారు. నేనూ సంతోషించాను. రెండు నెలలు టకటకా కొట్టారు. అంకెలు కొడుతున్నారనుకున్నాను. ఈయన సంగతి ఎరిగి ఎరిగి కూడా అలా అనుకున్నానంటే తప్పు నాదే.

ఆ రోజు పొద్దున్న పదింటికి నేను డాక్టరమ్మ తెల్లకోటు కత్తిరిస్తున్నాను. ఆయన క్షౌరానికని బయటికెళ్ళారు. బల్ల మీద నా ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఇక ఆగకుండా టింగుటింగుమంటూనే ఉంది. మా షాపు ఖాతాదార్ల గ్రూపు ఒకటుంది, నూట నలభై మంది. ఎవరిదో పుట్టినరోజు కాబోలు అనుకుని నేను కత్తెర వదల్లేదు.

ఇంతలో డాక్టరమ్మ ఫోను. "ఏమ్మా, నేను ఊపిరి బిగబడతానా?"

"అయ్యో, ఎవరన్నారండీ?"

"నువ్వే అన్నావు! ఇక్కడ రాసుంది! రెండంగుళాలు కలుపు అట!"

కత్తెర చేతిలోంచి జారి నా కాలికి అరంగుళం దూరంలో పడింది. కళ్ళజోడు పెట్టుకుని గ్రూపు తెరిచాను. అందరికంటే పైన మా ఆయన సందేశం: "ఖాతాదారులకు మనవి. తమ తమ కొలతలు ఇందు వెంట జతపరచడమైనది. తప్పులున్నచో తామే స్వయంగా సరిదిద్దుకొనగలరు. ఇట్లు, భవదీయుడు." కింద ఒక లింకు. అది నొక్కితే నా పుస్తకం మొత్తం, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నూట నలభై మంది ఒళ్ళూ, నా నోటి దురుసూ, నీటుగా టైపు చేసి ఉన్నాయి.

ఆఫీసులో ప్రూఫులు అందరికీ పంపి దిద్దించుకునే అలవాటు కదా, ఇక్కడా అదే చేశారు మహానుభావుడు!

ఆయనకి ఫోను చేశాను. ఎత్తరు. మళ్ళీ చేశాను. ఎత్తరు. అరికాలి మంట నెత్తికెక్కింది. గ్రూపులో సందేశాలు వరదలా వస్తున్నాయి. లాయరమ్మ: "నా కుడి భుజం దిగువా? రుజువు చూపించాలి." బేకరీ ఆవిడ: "నా నడుము నాకు తెలుసు. ఇరవై ఆరు అని మార్చేశాను." డాక్టరమ్మ: "మీది ఇరవై ఆరైతే నాది ఇరవై నాలుగు, మార్చాను." ఇంకెవరో: "నేను పొడుగు కూడా పెంచుకోవచ్చా?" వీటన్నిటికీ నిప్పు రాజేసింది ఎవరో తెలుసా? రేడియో పిన్ని. పది గంటల పన్నెండు నిమిషాలకి పెట్టింది: "నా నడుం నలభై నాలుగట! నన్ను కొలిచారా, మా వీధి గుమ్మాన్ని కొలిచారా? ఆడవాళ్ళూ, కదలండి! ఎవరి గడి వాళ్ళు దిద్దుకోండి! రిమార్కులు కూడా చెరిపి పారేయండి!" ఆ తర్వాతే అందరూ ఎగబడ్డారు.

బయట కీచుమని బ్రేకు. కారు నేర్పే టీచరమ్మ. కారు నేర్చుకునే అమ్మాయిని స్టీరింగు దగ్గరే వదిలేసి లోపలికి దూసుకొచ్చింది. "అయితే నాలుగేళ్ళ నుంచీ నాకు దొంగ లేబుళ్ళు కుడుతున్నావన్నమాట!"

"మీరే కదండీ ముప్పై నాలుగన్నారు!"

"అన్నాను! అంటే నమ్మెయ్యాలి గానీ, కొలుస్తావా?" అని బల్ల మీద చెయ్యి చరిచింది. మరుక్షణం ఆవిడకే నవ్వొచ్చింది. "నాలుగేళ్ళు ఎంత హాయిగా బతికానమ్మా! ఒక్క లేబులు కుట్టి ఎంత సంతోషపెట్టావు! అయినా ఇప్పుడేం, అక్కడ కూడా ముప్పై నాలుగని మార్చేశాను." ఆవిడ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని పడీపడీ నవ్వాం. నలభై నడుము వెనక అరవై చొక్కాలు కుట్టిన సంబంధం మాది.

నవ్వుతూ నవ్వుతూ ఉండగా గుర్తొచ్చింది. పోస్టుమేడం.

ఆవిడ కూడా గ్రూపులో ఉంది. ఆవిడ పేరున్న వరస కూడా అందులో ఉంది. మాటిచ్చానన్న మాటతో సహా ఉంది.

"కారు తియ్యండి" అన్నాను.

"ఎక్కడికి?"

"సెలూనుకి. మా ఆయన మెడ పిసకాలి."

మెడలో టేపు వేలాడుతుండగానే వెనక సీట్లో కూలబడ్డాను. స్టీరింగు దగ్గర ఆ నేర్చుకునే అమ్మాయే. ఆ పిల్లకది మూడో పాఠమట. పక్క సీట్లోంచి టీచరమ్మ, "కంగారు పడకమ్మా, నెమ్మదిగా క్లచ్చి వదులు" అంటోంది. నేను వెనకనుంచి "తొక్కమ్మా, తొక్కు!" అంటున్నాను. ఇద్దరి మాటా విన్న కారు మూడు గెంతులు గెంతి ఆగిపోయింది. మళ్ళీ బయల్దేరింది. పక్కనుంచి ఒక ముసలాయన చేతికర్రతో మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ ఫోను లాక్కుని పోస్టుమేడం వరస వెతికాను. కళ్ళ ముందే అంకెలు మారిపోతున్నాయి. ముప్పై ఎనిమిదులు ఇరవై ఎనిమిదులవుతున్నాయి. ఈ లెక్కన కుడితే ఆ సాయంత్రానికి ఊళ్ళో ఒక్కరికీ బట్టలు పట్టవు. చివరికి దొరికింది. ఛాతీ ఉంది, నడుము ఉంది, అన్నీ ఉన్నాయి. రిమార్కుల గడి ఖాళీ.

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మా ఆయన దేవుడల్లే ఈ ఒక్కటి వదిలేశారనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది, ఆయన ఏదీ వదలరు. అంటే ఎవరో చెరిపారు. చెరిపారంటే చదివారు.

బేకరీ ముందు నుంచి వెళ్తుంటే అరుగు మీద రేడియో పిన్ని. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒకటే నవ్వులు. నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాను: "ఏం పిన్నీ, కడుపు నిండిందా? ఇవాళ నీకు పండగే కదూ! నలుగురి గుట్టూ నీ నోట్లో వేసుకుని నమిలితే గానీ నీకు పొద్దుపోదు! ఆడజన్మెత్తి ఎప్పుడైనా ఒక్క మాట కడుపులో దాచుకున్నావా?"

అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. పిన్ని నోరు తెరిచింది, మూసుకుంది. ఆవిడ అలా ఊరుకోవడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. తర్వాత చెయ్యెత్తి, "మీ ఆయన సెలూన్లోనే ఉన్నారు, ఎడమ వైపు కుర్చీ" అని మాత్రం అంది. కారు మళ్ళీ గెంతింది, నా తల పైన కొట్టుకుంది.

సెలూన్లో మా ఆయన మొహమంతా నురగతో, కళ్ళు మూసుకుని, పరమానందంగా ఉన్నారు.

"ఏవండీ! ఆ లింకు మూసెయ్యండి! ఇప్పుడే!"

"ఏమైందే? అందరూ దిద్దుతున్నారా?"

"దిద్దుతున్నారు! మీ ప్రూఫులు తగలెయ్య! ఫోనివ్వండి!"

తువ్వాలు కింద నుంచి ఫోను తీసి నొక్కారు. అది పాస్‌వర్డ్ అడిగింది. ఈయన చేతులు నురగ, ఫోను తెరంతా నురగ. "చెప్పండి, నేను కొడతాను" అన్నాను.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని చుట్టూ చూశారు. మంగలి, కుర్చీల్లో ఇద్దరు, పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన, మా వెనకే వచ్చిన టీచరమ్మ. గొంతు తగ్గించి అన్నారు: "పదిమందిలో పాస్‌వర్డ్ చెప్పకూడదే! అది చాలా ప్రమాదం!"

నేను ఆయన్నేమన్నానో ఇక్కడ రాయను. పేపరు పెద్దాయన పేపరు మడిచేసి బయటికెళ్ళిపోయాడు. మంగలి కత్తి దూరంగా పెట్టేశాడు. టీచరమ్మ గోడకి చేరబడి కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది. చివరికి మా ఆయన తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని, ఫోను గుండెలకి ఆనించుకుని, అందరికీ వీపు చేసి నొక్కారు. లింకు మూసుకుంది. అప్పుడు టైము పదకొండు దాటి పది నిమిషాలు. గంటా పది నిమిషాలు నూట నలభై మంది గుట్టు నడివీధిలో ఉంది, ఈయన పాస్‌వర్డ్ మాత్రం చెక్కుచెదరలేదు!

టీచరమ్మని పంపించి, ఆయన్ని సగం గడ్డంతోనే ఇంటికి లాక్కొచ్చాను. దారిలో అడిగాను, "పోస్టుమేడం వరస కొట్టారా?"

"కొట్టాను. ఒక్క అక్షరం వదల్లేదు."

"అందులో ఏముందో చదివారా?"

ఆయన నావైపు వింతగా చూశారు. "నేను కొడతానే, చదవను. చదువుతూ కూర్చుంటే స్పీడు పడిపోతుంది."

ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని రహస్యాలు ఈయన వేళ్ళ కింద నుంచి వెళ్ళిపోయాయో! ఒక్కటీ తలకెక్కలేదు. ఆ ఒక్క నిమిషం ఆయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. నురగ ఉందని ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక కంప్యూటర్ తెరిచారు. ఏ గడి ఎవరు ఎప్పుడు మార్చారో అది రాసిపెడుతుందట. మూడొందల పన్నెండు మార్పులు. అడుగున, అన్నిటికంటే మొదటిది, పది గంటల ఎనిమిది నిమిషాలు: పోస్టుమేడం వరస, రిమార్కుల గడి, చెరిపివేత. చెరిపిన మాటలు ఆయన కంట పడకుండా నేను తెర మీద చెయ్యి అడ్డం పెట్టి, చెరిపిన మనిషి పేరొక్కటి మాత్రం చూశాను. పక్కనే చిన్న బొమ్మ కూడా ఉంది, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్న రేడియో పిన్ని.

ఆయన చేత మొత్తం తుడిపించేశాను. రెండు నెలల శ్రమ. పాపం, ఆ బటను నొక్కేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నారు.

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "మిగతా తిట్లు తిందామని వచ్చాను, కార్లోంచి సగమే తిట్టావుగా" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పరదా వెనక్కి లాగాను. "ఎందుకు చెరిపావు పిన్నీ?"

పిన్ని స్టూలు మీద కూర్చుంది. "అబద్ధమెందుకు, అందరి గడులూ చదువుదామనే తెరిచాను. టీ కూడా కలుపుకున్నాను, తీరిగ్గా చదవొచ్చని. డాక్టరమ్మది చదివి నవ్వాను. తర్వాత అది కనబడింది. టీ చల్లారిపోయింది." చీలిన గోరు పళ్ళతో కొరికి పడేసింది. "వెంటనే చెరిపేశాను. తర్వాత భయమేసింది. అన్నీ నిండి ఒక్క గడే ఖాళీగా ఉంటే, అక్కడేముండేదని అందరూ అడగరూ? అందుకే గోల చేశాను. అందరూ తమ తమవి చెరుపుకుంటే, ఖాళీల్లో అదొక ఖాళీ."

"మరి నేను బజార్లో అన్ని మాటలంటే..."

"ఏం చెప్పమంటావు? నలుగురి ముందు, నేను దాస్తున్నానమ్మా అని చెప్పనా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పిన్ని నా వీపు నిమురుతూ, "ఊరుకోవే. ఆవిడ రోజూ కౌంటర్లో నన్ను తిడుతుంది. అది తినకపోతే నాకు తోచదు. నేను జాలిగా చూశాననుకో, ఆవిడ ఇంకేం తిడుతుంది?" అంది. తర్వాత కళ్ళు తిప్పి, "కానీ గంటన్నర నుంచీ దాస్తున్నాను. నా కడుపు ఎలా ఉందో నీకు తెలియదు. పెదాలు అదురుతున్నాయి" అంది. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

గ్రూపులో పోస్టుమేడం ఊసు ఎవరూ ఎత్తలేదు, అంటే పిన్ని తప్ప ఇంకెవరూ చూడలేదు కాబట్టి ఊరుకుంటే పోయేది. పిన్ని చెప్పదు, కంప్యూటర్లో లేదు. మా ఆయన అదే అన్నారు, "ఇక ఎందుకే చెప్పడం?" అని. కానీ ఆ పరదా వెనక రేపు ఆవిడ చేతులెత్తి నిలబడితే నేను ఏ మొహంతో టేపు పట్టుకుంటాను? పుస్తకం చంకలో పెట్టుకుని పోస్టాఫీసుకి బయల్దేరాను. "నేనూ వస్తా" అని పిన్ని వెంటపడింది.

భోజనాల వేళ, క్యూలో ముగ్గురే ఉన్నారు. పోస్టుమేడం ఒకాయన కవరు పైకెత్తి, "ఇది అడ్రసా, డాక్టరు చీటీయా?" అంటోంది. ఆయన కిసకిసా నవ్వుతున్నాడు. నా వంతు రాగానే, "ఒక్క నిమిషం లోపల మాట్లాడాలి" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది, కిటికీ మూసింది. పిన్నిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, సంచులు పేర్చి ఉన్న వెనక గదిలోకి వెళ్ళాను.

మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. మా ఆయన టైపు, లింకు, గంటా పది నిమిషాలు, ఖాళీ గడి. ఆవిడ పొద్దున్నుంచీ కౌంటర్లో ఉండి ఫోను చూడలేదట. వింటున్నంతసేపూ ఆవిడ కుడి చెయ్యి ఎడమ జేబు మీదే ఉంది.

"ఆయన కొట్టాడు, సరే" అంది చివరికి. "అసలు పుస్తకంలో ఎందుకుంది?"

"గుర్తుకోసం..."

"గుర్తుకోసమా? రెండేళ్ళలో ఒక్కసారైనా మర్చిపోయావా?"

లేదు. ఆ జేబు కళ్ళు మూసుకుని కుట్టగలను.

"కుట్టమన్నాను. రాయమన్నానా?"

ఇరవై ఏడేళ్ళుగా నేను నోరు జారలేదని ఒకటే గర్వం నాకు. చేత్తో జారుతున్నానని తోచనే లేదు. మా ఆయన్ని ఊరంతా వినబడేలా తిట్టాను గానీ, ఆ మాటలు ఆయన పుట్టించారా? పేజీ చింపి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చదివింది. మడిచి, ఇంకా మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది.

"ఎవరు చూశారు?"

"ఒక్కరే. రేడియో పిన్ని."

పోస్టుమేడం కళ్ళు పెద్దవయ్యాయి. "రేడియోనా? ఎన్నింటికి?"

"పది గంటల ఎనిమిది నిమిషాలకి."

"ఇప్పుడు ఒకటిన్నర. ఎవరికీ చెప్పలేదా?"

"నాకు కూడా చెప్పలేదు. నేను పట్టుకుంటే గానీ."

ఆవిడ ఒక సంచి మీద కూలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్ళాను. నవ్వుతోంది. నోటికి గుప్పిట అడ్డం పెట్టుకుని, ఊపిరాడకుండా నవ్వుతోంది. "మూడున్నర గంటలు! రేడియో! అయ్యో, ఆవిడ ఇంకా బతికే ఉందా?"

"బయట బెంచీ మీద ఉంది. పెదాలు అదురుతున్నాయట."

ఆ మాటకి ఇంకా పగలబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటున్నా కన్నీళ్ళు ఆగలేదు, అప్పుడు అవి నవ్వువి కావని నాకు తెలిసింది. "మా ఆయనతో దీని గురించి మాట్లాడబోతే ఆయన ముందే ఏడ్చేస్తాడు" అంది. "నువ్వేమో చేతులు వణుకుతూ కొలుస్తావు. రెండేళ్ళయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, గట్టిగా మాట్లాడదామంటే మనిషి లేదు. పిలువు ఆవిడని."

పిన్నిని పిలిచాను. లోపలికొచ్చి, పోస్టుమేడాన్ని చూసి, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడింది.

"చేతులు తియ్" అంది పోస్టుమేడం, కౌంటర్ గొంతుతో. "పొద్దున్నుంచీ దాచింది చాలు. ఎవరికీ చెప్పకూడదు, కానీ నాకు చెప్పొచ్చు. కూర్చో. నువ్వు అడగాలనుకున్నవన్నీ అడుగు."

పిన్ని ఆవిడ పక్కనే సంచి మీద కూర్చుంది. నేనూ ఒక సంచి లాక్కుని కూర్చోబోయాను. పిన్ని కంటే ముందు నుంచీ ఆ గుట్టు మోస్తున్నదాన్ని కదా, నాకూ చోటుంటుందనుకున్నాను.

పోస్టుమేడం నావైపు చూసింది. కోపంగా కాదు. "నువ్వు వెళ్ళమ్మా. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు."

పుస్తకం తీసుకుని బయటికొచ్చి తలుపు వేశాను. గడియ పడింది. బెంచీ మీద కూర్చున్నాను. లోపలినుంచి మొదట పిన్ని గొంతు చిన్నగా, తర్వాత పోస్టుమేడం గొంతు పెద్దగా, తర్వాత ఇద్దరూ కలిసి విరగబడి నవ్వడం వినిపించాయి. మాటలు తెలియడం లేదు. తలుపుకి చెవి ఆనిస్తే తెలిసేవి. బెంచీకీ తలుపుకీ మధ్య నాలుగడుగులే దూరం. తెలుసుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది, ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది.

లేచి ఇంటికొచ్చేశాను.